తాతయ్య క్లారినెట్: నాలుగు నెలల ప్రాజెక్టు డైరీ

జనవరి 16, ముక్కనుమ, తెనాలి

పొద్దున్నే వీధిలోకి గంగిరెద్దు వచ్చింది. డోలు కొట్టే కుర్రాడు పక్కన నిలబడగానే పెద్దాయన సన్నాయి అందుకున్నాడు. అరుగు మీద కాఫీ తాగుతున్న తాతయ్య గ్లాసు కింద పెట్టేశాడు. "ఆ గాంధారం దగ్గర వేలు చూడు అమ్మాయ్. పూర్తిగా ఎత్తట్లా, సగమే ఎత్తి జారుస్తున్నాడు" అన్నాడు. నేను ఫోన్లో రికార్డు చేసుకున్నాను. వాళ్లకి బియ్యం, ఒక పాత చీర ఇచ్చి పంపాక, అడగాలా వద్దా అని సంవత్సరం నుంచీ ఆలోచిస్తున్న మాట అడిగేశాను. "తాతయ్యా, నీ క్లారినెట్ ఎక్కడుంది?"

బీరువా మీద, పాత దుప్పట్ల కింద, జిప్పు పాడైన రెక్సిన్ సంచిలో ఉంది. పదకొండేళ్లుగా ఎవరూ తెరవలేదు. పళ్లు ఊడిపోయి కట్టుడు పళ్లు వచ్చాక తాతయ్య దాన్ని అక్కడ పెట్టేశాడు. అప్పట్నుంచి దాని పేరెత్తితే మాట మార్చేస్తాడు. ఈసారి మార్చలేదు. "తీసుకెళ్లు. నీకు పనికొచ్చేది కాదులే, పాత రకం" అన్నాడు.

ఆ పాత రకమే నాక్కావాలి. రెండు నెలలుగా 1927 నాటి ఒక రికార్డులో జానీ డాడ్స్ అనే అమెరికన్ క్లారినెట్ వాద్యకారుడి వరసలు విని రాసుకుంటున్నాను. స్వరాలన్నీ దొరికాయి, ఒక జారు మాత్రం నా క్లారినెట్ మీద రావట్లేదు. ఏం వాయిద్యం వాడాడా అని అతని ఫొటోలు వెతికితే, కీలు (వేలితో నొక్కే మీటలు) తక్కువ, చిల్లులు పెద్దవి. ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాను. చిన్నప్పుడు రోజూ చూసిందే!

కాబట్టి ఈ ప్రాజెక్టు. తాతయ్య క్లారినెట్‌ని మళ్లీ పలికించడం, దాని వేళ్ల పద్ధతి నేర్చుకోవడం, ఏప్రిల్ 30న, అంటే అంతర్జాతీయ జాజ్ దినోత్సవం నాడు, మా గుంపుతో దాని మీదే వాయించడం.

జనవరి 19, హైదరాబాద్

ఇది చదివేవాళ్లకి నా సంగతి కొంచెం చెప్పాలి. నాకు ఇరవై రెండేళ్లు. జాజ్ వాయిస్తాను. ఎక్కువగా ఆల్టో శాక్సోఫోన్, తర్వాత క్లారినెట్, అవసరమైతే ఫ్లూటు. ఇంట్లో ఎవరూ జాజ్ వినలేదు కానీ ఊపిరితో వాయించడం మాత్రం మా ఇంట్లోంచే వచ్చింది.

తాతయ్య నలభై ఏళ్లు బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించాడు. పెళ్లి ఊరేగింపులు, శ్రీరామనవమి, వినాయక నిమజ్జనం, పండు ముసలివాళ్లు పోతే చివరి యాత్ర. సగం సంగీతం రోడ్డు మీదే నేర్చుకున్నానంటాడు. మిగతా సగం సన్నాయి విద్వాంసుల్ని విని. మా వైపు వాళ్లకి సన్నాయి అంటే మామూలు విషయం కాదు. కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడ్డ షేక్ చిన మౌలానా సాహెబ్ (1924–1999) పేరు చెప్పేటప్పుడు తాతయ్య ఇప్పటికీ కూర్చున్నవాడు కాస్త నిటారుగా అవుతాడు. షేక్ మహబూబ్ సుభానీ, కలీషాబీ మహబూబ్ దంపతులకి 2020లో పద్మశ్రీ వచ్చిన రోజు నాకు ఫోన్ చేసి, "చూశావా, ఆడపిల్ల సన్నాయి వాయిస్తే ఎక్కడిదాకా వెళ్లిందో" అన్నాడు. శాక్సోఫోన్ పట్టుకున్న ఆడపిల్లని నలుగురూ వింతగా చూసే చోట నాకు ఆ ఒక్క మాట చాలా కాలం పనికొచ్చింది.

నా తొమ్మిదో ఏట క్లారినెట్ కావాలని ఏడిస్తే, ఆ చిల్లులు నా వేళ్లకి అందవని వెదురు వేణువు చేతికిచ్చాడు. రెండేళ్లు సరళీ వరసలు, జంట స్వరాలు, మోహన రాగం. తర్వాత ఆయన పళ్లు పోయాయి, పాఠాలూ ఆగిపోయాయి. పదిహేనో ఏట హైదరాబాద్ వచ్చాక సెకండ్ హ్యాండు ప్లాస్టిక్ క్లారినెట్ కొన్నాను. పదిహేడుకి శాక్సోఫోన్.

జాజ్ దారి నాకు కద్రి గోపాల్‌నాథ్ వల్ల తెరుచుకుంది. మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సోఫోన్ విని, దాని మీద కర్ణాటక సంగీతం వాయించాలని పట్టుబట్టిన మనిషి ఆయన. తాతయ్య దగ్గర ఆయన క్యాసెట్ ఉండేది. ఆయనతో కలిసి రుద్రేష్ మహంతప్ప అనే అమెరికన్ ఆల్టో వాద్యకారుడు 2008లో ఒక ఆల్బమ్ చేశాడని తెలిసి విన్నాను. రెండు ఆల్టోలు. ఒకటి ఇంట్లో విన్న గొంతు, రెండోది ఎప్పుడూ విననిది. ఆ రెండోది ఎక్కడిదా అని వెనక్కి వెళ్తే చార్లీ పార్కర్ అనే పాతతరం జాజ్ ఆల్టో వాద్యకారుడు, ఇంకా పక్కకి వెళ్తే ఎరిక్ డాల్ఫీ. డాల్ఫీ ఆల్టో, ఫ్లూటు, బాస్ క్లారినెట్ మూడూ వాయించేవాడు. మూడింట్లోనూ అదే మనిషి వినిపిస్తాడు. నేను ఒక్క వాయిద్యానికే కట్టుబడకపోవడానికి కారణం ఆయనే. క్లారినెట్‌లో జిమ్మీ జఫ్రీ మంద్ర స్థాయి, అనాట్ కోహెన్ చలాకీతనం నాకిష్టం. అలా అలా వెనక్కి పోయి పోయి 1920ల నాటి, అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ ఊరి జాజ్ వాళ్ల దగ్గర ఆగాను.

జనవరి 25

ఈ రోజంతా విప్పడమే. టేబులు మీద తెల్ల పంచె పరిచి, తీసిన ప్రతి స్క్రూనీ అట్టముక్క మీద బొమ్మ గీసి అక్కడే గుచ్చాను. కీలు జర్మన్ సిల్వర్‌వి, నల్లబడ్డాయి. ఒళ్లు చెక్కది, నల్లరంగు. బెల్ దగ్గరి ముద్ర అరిగిపోయి చదవడానికి రావట్లేదు. "మీరట్ సరుకమ్మా, విజయవాడలో ఒకాయన దగ్గర కొన్నా" అన్నాడు తాతయ్య ఫోన్లో. మీరట్ జలీ కోఠీ అంటే దేశంలోని బ్యాండు మేళాలకి వాయిద్యాలు తయారయ్యే పేట.

విప్పే ముందు పీల్చి చూశాను. కింది జాయింటు (ఒంటిలోని కింది ముక్క) చిల్లులన్నీ వేళ్లతో మూసి, అడుగు అరచేత్తో మూసి, పైనుంచి గాలి లాగాలి. కీల కింద చిల్లుల్ని మూసే మెత్తటి బిళ్లలు, అంటే ప్యాడ్లు, సరిగా ఉంటే నాలుక అతుక్కుపోయినట్టు గాలి బిగుసుకుంటుంది. ఇక్కడ జల్లెడలోంచి పీల్చినట్టే ఉంది. పై జాయింటు కూడా అంతే.

కనిపించిన లోపాలు రాసుకున్నాను. పదమూడు కీలు, కింది జాయింటు మీద చిల్లుల చుట్టూ వేలితోపాటు కదిలే రెండు రింగులు. రింగులకి కట్టిన చిన్న ప్యాడుతో కలిపి ప్యాడ్లు పద్నాలుగు. అందులో ఆరు తోలువి గట్టిపడి రాయిలా అయ్యాయి, రెండు అసలు లేవు. జాయింట్ల కార్కు ఊడిపోయి, ఆ చోట దారం చుట్టి మైనం పూసి ఉంది. పై జాయింటులో వెంట్రుకంత బీట. దాంట్లోకి లక్క కరిగించి పోశాడు తాతయ్య, ఇరవై ఏళ్ల కిందటో ఎప్పుడో. టార్చి వేసి చూస్తే ఆ లక్క గీత ఎర్రగా మెరుస్తోంది. బీట అక్కణ్నుంచి ఒక్క మిల్లీమీటరు కూడా ముందుకి పోలేదు. దాన్ని ముట్టుకోకూడదని నిర్ణయించుకున్నాను.

ఒక కీకి ఉన్న స్ప్రింగు చూసి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. అది స్ప్రింగు కాదు, కుట్టుసూది. కన్ను ఉన్న వైపు విరిచి, స్తంభంలోకి గుచ్చి, సరిగ్గా వంచాడు. ఇప్పటికీ పనిచేస్తోంది.

ఫిబ్రవరి 2

ప్యాడ్లు వచ్చేలోపు ఈ రకం గురించి చదివాను. దీన్ని ఆల్బర్ట్ సిస్టమ్ అంటారు. దీని మూలం ఇవాన్ ముల్లర్ 1812లో పారిస్‌లో చూపించిన పదమూడు కీల క్లారినెట్. అక్కడి సంగీత కళాశాల పరీక్షకులు అప్పట్లో దాన్ని ఒప్పుకోలేదు. ఆ నమూనానే బ్రస్సెల్స్‌లో యూజీన్ ఆల్బర్ట్ మెరుగుపరిచి తయారుచేశాడు. ఈలోగా, 1839 ప్రాంతాల్లో, క్లోజే, బఫే అనే ఇద్దరు కలిసి రింగులు ఎక్కువున్న మరో పద్ధతి తెచ్చారు. బోమ్ సిస్టమ్ అనేది అదే. దాదాపు ప్రపంచమంతా ఇప్పుడు వాడేది, నా ప్లాస్టిక్ క్లారినెట్‌కి ఉన్నదీ అదే.

పాత రకం ఎక్కడ నిలిచిందో చూడండి. మన దగ్గర బ్యాండు మేళాల్లో, కర్ణాటక క్లారినెట్ వాద్యంలో. తిరుచ్చి ఏ.కె.సి. నటరాజన్ గారు క్లారినెట్ మీద గమకాలు పలికించారు. అక్కడేమో న్యూ ఆర్లీన్స్‌లో. లొరెంజో టియో జూనియర్ అనే గురువు దగ్గర సిడ్నీ బెషే, జిమ్మీ నూన్, బార్నీ బిగార్డ్ నేర్చుకున్నారు. వాళ్ల చేతుల్లో ఉన్నది ఆల్బర్ట్. జానీ డాడ్స్ చేతిలో కూడా.

ఇది చదివాక నాకు నిద్ర పట్టలేదు. న్యూ ఆర్లీన్స్ బ్యాండ్లూ వీధి బ్యాండ్లే. శవయాత్రకి వెళ్లేటప్పుడు నెమ్మదిగా, ఏడుపు గొంతుతో వాయిస్తారు. ఖననం అయ్యాక తిరిగొచ్చేటప్పుడు వరస మార్చి హుషారుగా వాయిస్తే వెనక జనం గంతులేస్తూ వస్తారు. ఈ సంగతి తాతయ్యకి చెప్తే ఆశ్చర్యపోలేదు. "మరి? మా మేళం వాళ్లమూ వెళ్లేప్పుడు ఒకటి, వచ్చేప్పుడు ఒకటి. పండు ముసలాయన పోతే ఏడుపెందుకు?" అన్నాడు. ఆగి, "నడుస్తా వాయించేవాడికి దమ్ము కాళ్లలో ఉండాలి" అని కూడా అన్నాడు.

ఫిబ్రవరి 9

ఆన్‌లైన్లో తెప్పించిన ప్యాడ్ల సెట్టు బోమ్ కొలతలకి సరిపోయేది. పేజీలో ఆల్బర్ట్‌కీ పనికొస్తాయని రాసుంది, వచ్చాక చూస్తే సగానికి పైగా కప్పుల్లో కూర్చోవట్లేదు. వారం పోయింది, డబ్బూ పోయింది. వెర్నియర్ కాలిపర్‌తో ప్రతి కప్పూ కొలిచి, 9 నుంచి 17 మిల్లీమీటర్ల దాకా విడివిడిగా మళ్లీ తెప్పించాను. ఈ పని మొదలుపెట్టేవాళ్లు ముందు కొలవండి, తర్వాతే కొనండి.

ప్యాడు అంటించడానికి గ్లూ గన్ వాడమని వీడియోల్లో చెప్తారు. నేను లక్క వాడాను. పాతకాలం నుంచీ క్లారినెట్ ప్యాడ్లకి వాడింది అదే. పైగా లక్క గట్టిపడ్డాక కూడా కాస్త వేడి తగిలిస్తే మళ్లీ మెత్తబడి, ప్యాడుని అటూ ఇటూ సర్దుకోనిస్తుంది. స్పిరిటు దీపం మీద కప్పు వీపు వేడి చేయాలి. లక్క గుళిక కరిగి తేనెలా అవగానే ప్యాడు పెట్టి, కీని వాయిద్యానికి బిగించి, చిల్లు మీద మెల్లగా నొక్కి చల్లారనివ్వాలి. మొదటిది మాడ్చేశాను. మంట ప్యాడు అంచుకి తగిలి తెల్లటి పొర గోధుమరంగు తిరిగింది. రెండోదానికి కప్పుని మంట పైన కాకుండా పక్కన పట్టుకున్నాను. మూడోదానికి చెయ్యి కుదురుకుంది.

సరిగ్గా కూర్చుందో లేదో చూడటానికి సిగరెట్ కాగితాన్ని సన్నగా, ఈనెలా కత్తిరించి, ప్యాడు కింద పెట్టి కీ మూసి లాగాలి. చుట్టూ నాలుగు వైపులా ఒకే బిగువు తగలాలి. ఒక వైపు వదులుగా జారితే అక్కడ గాలి పోతోందన్నమాట. ఒక్కో ప్యాడుకి నలభై నిమిషాలు. ఈ వారంలో ఐదు అయ్యాయి.

ఫిబ్రవరి 23

పద్నాలుగూ అయ్యాయి. కార్కు షీటు సన్నగా కోసి జాయింట్లకి చుట్టి, గరుకు కాగితంతో సాపు చేశాను. ఒక కీ కాడ విరిగి ఉంటే ఇక్కడ వెండిపని చేసే ఒకాయన దగ్గర టాకా వేయించాను. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, డబ్బు తీసుకోకుండా, "ఎప్పుడు వాయిస్తావో చెప్పమ్మా, వస్తాను" అన్నాడు. కుట్టుసూది స్ప్రింగుని అలాగే ఉంచాను.

సాయంత్రం ఆరింటికి మళ్లీ పీల్చి చూశాను. కింది జాయింటు పట్టింది. నాలుగు సెకన్లు, ఐదు, ఆరు. పై జాయింటు మూడు సెకన్లకి వదిలేసింది. ఒక ప్యాడు మళ్లీ వేడి చేసి సర్దితే అదీ పట్టింది.

అప్పుడొచ్చింది అసలు టెన్షన్. పాత బ్రిటిష్ మిలిటరీ బ్యాండ్ల శ్రుతి ఇప్పటి 440 హెర్ట్జ్ కంటే బాగా హెచ్చు, 452 చుట్టుపక్కల. ఆ శ్రుతికి చేసిన క్లారినెట్ అయితే మన పియానోతో, గిటారుతో దాదాపు సగం స్వరస్థానం తేడా వస్తుంది. నోట్లో పెట్టుకునే ముక్కకి కింద ఉండే పొట్టి గొట్టాన్ని, అంటే బ్యారెల్‌ని, ఎంత బయటికి లాగినా కుదరదు. ఇంత పనీ చేశాక అలా తేలితే? ట్యూనర్ పెట్టి, రీడు (ఊదితే కంపించే పల్చటి రెల్లు పలక) తడిపి, ఊదాను.

కాస్త హెచ్చు, అంతే. బ్యారెల్ రెండు మిల్లీమీటర్లు లాగితే సరిపోయింది. పదకొండేళ్ల తర్వాత మొదటిసారి పలికిన స్వరం మంద్ర షడ్జమం. గది మొత్తం ఆ చెక్క వాసన.

మార్చి 2

వేళ్లు మొండికేస్తున్నాయి. ఎడమ చేతి మూడు వేళ్లూ మూసి, రిజిస్టర్ కీ (స్థాయి మార్చే కీ) నొక్కి, కుడి చూపుడు వేలు పెడితే బోమ్‌లో పాశ్చాత్య స్వరం ఎఫ్ వస్తుంది. ఇక్కడ దాని పై మెట్టు, ఎఫ్ షార్ప్. ఎఫ్ కావాలంటే చూపుడు వేలు, ఉంగరపు వేలు పెట్టి, మధ్య వేలు ఎత్తాలి. ఏడేళ్ల అలవాటు అడుగడుగునా అడ్డుపడుతోంది. అవే స్వరాలు ఎంత తేలిగ్గా తప్పుతున్నాయంటే, మోహనం కూడా మెల్లగా, చిన్నపిల్లలా వాయించాల్సి వస్తోంది. రోజుకి గంట సరళీ వరసలు. తొమ్మిదేళ్ల నాటి నోటు పుస్తకమే తీశాను.

శాక్సోఫోన్ వాయించేవాళ్లకి క్లారినెట్‌లో ఇంకో ఇబ్బంది ఉంటుంది. శాక్సోఫోన్, సన్నాయి లోపల గరాటులా వెడల్పవుతూ పోతాయి కాబట్టి ఊపిరి పెంచితే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. క్లారినెట్ లోపల గొట్టంలా చాలావరకు ఒకే వెడల్పు, ఒక చివర మూసినట్టే. అందుకని షడ్జమం వేళ్లకి రిజిస్టర్ కీ నొక్కితే పై స్థాయి పంచమం పలుకుతుంది. ఒకే వాయిద్యంలో రెండు వేళ్ల లెక్కలు. ఆ రెంటికీ మధ్య సరిహద్దు దాటేటప్పుడు వేళ్లన్నీ తెరిచినచోటు నుంచి అన్నీ మూసే చోటుకి ఒక్కసారిగా పోవాలి. ఆల్బర్ట్‌లో చిల్లులు పెద్దవి కాబట్టి వేలి కండ పూర్తిగా ఆనాలి, లేకపోతే కీచుమంటుంది. నా ఉంగరపు వేలికి గుండ్రటి ముద్ర పడింది.

మార్చి 15

ఈ రోజు గురించి వివరంగా రాయాలి.

నేను పట్టుకున్న రికార్డు ట్రంపెట్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ హాట్ సెవెన్ బృందం 1927 మే 11న షికాగోలో చేసిన 'మెలంకలీ బ్లూస్'. క్లారినెట్ జానీ డాడ్స్, డ్రమ్స్ అతని తమ్ముడు బేబీ డాడ్స్. 1977లో వాయేజర్ నౌకల్లో అంతరిక్షంలోకి పంపిన బంగారు పూత రికార్డులో ఇది ఉంది. హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ గారి భైరవి కూడా అదే రికార్డులో ఉంది. తాతయ్యకి ఇది చెప్తే, "అంటే మన క్లారినెట్ ఆకాశంలో తిరుగుతోందా?" అని రెండుసార్లు అడిగి, సాయంత్రం నానమ్మకి, పక్కింటి వాళ్లకి చెప్పాడట.

డాడ్స్ స్వరాన్ని నేరుగా కొట్టడు. కింది నుంచి పట్టుకుంటాడు. ఆ గాంధారం మన కర్ణాటక సంగీతంలో కింది గ అయిన సాధారణ గాంధారమూ కాదు, పై గ అయిన అంతర గాంధారమూ కాదు, రెంటికీ మధ్య ఎక్కడో నిలబడి కదులుతుంది. జాజ్ వాళ్లు బ్లూ నోట్ అనేది దాన్నే. నా బోమ్ క్లారినెట్ మీద పెదవితో ఎంత వంచినా అది మెట్టు మెట్టుగా వచ్చేది. వేలు ఎత్తగానే రింగు లేస్తుంది, దాంతోపాటు ఎక్కడో ఒక ప్యాడు కదులుతుంది, జారు మధ్యలో తెగిపోతుంది.

ఇవాళ రికార్డుని సగం వేగానికి తగ్గించి, తాతయ్య క్లారినెట్ పట్టుకుని ఆ చోటే ఇరవై సార్లు ప్రయత్నించాను. రాలేదు. అప్పుడు ముక్కనుమ నాటి గంగిరెద్దు రికార్డింగు తెరిచాను. ఆయన వేలు పైకి ఎత్తట్లేదు, పక్కకి లాగుతున్నాడు, అరచేతి వైపుకి. చిల్లు పక్క నుంచి, నెలవంకలా తెరుచుకుంటోంది. అలాగే చేశాను. రింగు లేని చిల్లు మీద వేలిని చర్మం ఆనించి మెల్లగా పక్కకి లాగితే, దవడ ఒక్క రవ్వ వదిలితే, స్వరం కింది నుంచి లేచి ఎక్కడా తెగకుండా ఆ మధ్య గాంధారం దగ్గరికి వచ్చి నిలబడింది.

నలభై సార్లు వాయించి ఉంటాను. పక్క ఫ్లాటు వాళ్లు తలుపు కొట్టేదాకా.

ఆ వేలి పని డాడ్స్ సరిగ్గా ఇలాగే చేశాడని నేను అనను. నా చెవికి దొరకనిది నా చేతికి మాత్రం దొరికింది, అదీ మా వీధిలో సన్నాయి వాయించిన మనిషి వేలి వల్ల.

మార్చి 22

ఎండలు ముదిరాయి. చెక్క వాయిద్యానికి పొడి గాలి మంచిది కాదు. కేసులో తడి స్పాంజి ముక్కని చిల్లుల డబ్బాలో పెడుతున్నాను. వాయించాక లోపల గుడ్డతో తుడిచి, వారానికోసారి పల్చగా బాదం నూనె. బీట ఎక్కడున్నది అక్కడే ఉంది.

రీడ్లు రెండున్నర నంబరు వాడుతున్నాను. తాతయ్య గాజు పెంకుతో గీకి పల్చన చేసుకునేవాడు. నేను సన్నటి గరుకు కాగితం వాడాను, చివర రెండు మూలలే.

పాత వాద్యకారుల్లో కొందరు పై పళ్లు మౌత్‌పీస్‌కి ఆనించకుండా, పై పెదవిని కూడా లోపలికి మడిచి వాయించేవారు. కర్ణాటక, జాజ్ అని కాదు, ఐరోపాలోనూ ఈ పద్ధతి ఉంది. ప్రయత్నించాను. ఐదు నిమిషాలకే పెదవి నొప్పి, కానీ శబ్దం మెత్తగా, గుండ్రంగా అయింది. తాతయ్యకి ఫోన్లో చెప్పాను. "పళ్లు ఆనకుండానా?" అన్నాడు. తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేదు. నేనూ పొడిగించలేదు.

ఏప్రిల్ 12

మా గుంపులో గిటారు, బాస్, డ్రమ్స్, నేను. నాలుగు పాటలు ఎంచుకున్నాం. రెండింటికి శాక్సోఫోన్, రెండింటికి తాతయ్య క్లారినెట్. డాడ్స్ వరస ఎలాగూ ఉంది. రెండోది అమెరికన్ జాజ్ బృంద నాయకుడు డ్యూక్ ఎలింగ్టన్ 1930లో రికార్డు చేసిన 'మూడ్ ఇండిగో'. దాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. మామూలుగా ట్రంపెట్, ట్రాంబోన్, క్లారినెట్ కలిస్తే క్లారినెట్‌ది అన్నిటికన్నా పై స్వరం. ఎలింగ్టన్ తిరగేశాడు. మ్యూట్ (శబ్దం అణిచే మూత) పెట్టిన ట్రంపెట్ పైన, మ్యూట్ పెట్టిన ట్రాంబోన్ దాని కిందే బాగా ఎత్తులో, బార్నీ బిగార్డ్ క్లారినెట్ అన్నిటికీ అడుగున. అందుకే ఆ శబ్దం ఎక్కణ్నుంచి వస్తోందో తెలియదు. దాని ముఖ్య వరస బిగార్డ్‌కి తన గురువు టియో దగ్గర నుంచి వచ్చింది.

మా దగ్గర ట్రంపెట్ లేదు, ట్రాంబోన్ లేదు. పై రెండు స్వరాలూ గిటారు మీద, అడుగు స్వరం నాది. మొదటిసారి కలిపినప్పుడు గిటారు నన్ను మింగేసింది. గిటారు వాయించే అబ్బాయి పిక్ పక్కన పెట్టి బొటనవేలితో మీటాడు. అప్పుడు కుదిరింది. తాతయ్య క్లారినెట్ మంద్రంలో పలికేటప్పుడు నా దవడ ఎముకలో ఒక కంపం తెలుస్తుంది. ప్లాస్టిక్ క్లారినెట్‌తో నాకెప్పుడూ అలా తెలియలేదు.

ఏప్రిల్ 30, సికింద్రాబాద్

స్నేహితుల ఇంటి మేడ మీద, నలభై మంది దాకా. వెండిపనాయన కూడా వచ్చాడు, భార్యతో. సాయంత్రం ఏడున్నరకి కూడా సెగ తగ్గలేదు. వేడికి శ్రుతి పైకి పోతూ, బ్యారెల్ ఇంకో మిల్లీమీటరు లాగాల్సి వచ్చింది.

శాక్సోఫోన్ పాటలు బాగానే వెళ్లాయి. 'మూడ్ ఇండిగో'లో సరిహద్దు దాటే చోట ఒక కీచు వచ్చింది, ఆపకుండా ముందుకి వెళ్లాను. 'మెలంకలీ బ్లూస్'లో డాడ్స్ వరస అయ్యాక నా సొంత వరస ఎనిమిది బార్లు (ఆవర్తాల్లాంటివి) పెట్టుకున్నాం. తాళం వదిలేసి, బాస్ ఒక్కటే షడ్జమం పట్టుకుంటే, నేను ఆనందభైరవి పోలికతో రెండు పట్లు వాయించి, ఆ జారుతో మళ్లీ బ్లూస్‌లోకి వచ్చాను. మా వైపు పెళ్లిళ్లలో ఆనందభైరవి వినని వాళ్లుండరు. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ ఎవరి పెళ్లి గుర్తొచ్చిందో, పక్కావిడ చెయ్యి పట్టుకుంది. నేను కళ్లు మూసుకోకుండా వాయిస్తాను కాబట్టి చూశాను.

మొత్తం రికార్డు చేసి తాతయ్యకి పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.

మే 4, తెనాలి

క్లారినెట్ చూపించడానికి వచ్చాను. తాతయ్య అరుగు మీదే ఉన్నాడు. కేసు తెరిచి ఒక్కో భాగం తీసి ఇచ్చాను. ముందు బీట చూశాడు, తర్వాత కుట్టుసూదిని వేలితో మీటి చూశాడు. కీలన్నీ ఒక్కొక్కటీ నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని ప్యాడు మూసుకునే చప్పుడు విన్నాడు. "లక్కేనా?" అన్నాడు. లక్కే అన్నాను.

"ఆ ఆనందభైరవి విన్నాను. నిషాదం దగ్గర తొందరపడ్డావు" అన్నాడు. పంపిన రాత్రే విన్నాడట. తర్వాత రోజూ విన్నాడని నానమ్మ వంటింట్లోంచి చెప్పింది.

నేను జాయింట్లు బిగించి, రీడు తడిపి, రీడుని పట్టి ఉంచే లిగేచర్ పట్టీ బిగించి పక్కన పెట్టి మంచినీళ్లకి లోపలికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి అరుగు మీద స్టీలు గ్లాసులో కట్టుడు పళ్లు ఉన్నాయి. తాతయ్య రెండు పెదవులూ లోపలికి మడిచి క్లారినెట్ పట్టుకుని ఉన్నాడు. వేళ్లు వాటంతట అవే చోటు వెతుక్కున్నాయి. మొదట గాలి మాత్రమే వచ్చింది. రెండోసారి మంద్రంలో స్వరం వణుకుతూ పలికి నిలబడింది. అక్కణ్నుంచి పైకి నాలుగు స్వరాలు, నెమ్మదిగా, గాంధారం దగ్గర వేలిని పక్కకి లాగుతూ.

రోడ్డు మీద పోయే కుర్రాడొకడు సైకిల్ ఆపాడు.

తాతయ్య మౌత్‌పీస్ నోట్లోంచి తీసి పెదవి తుడుచుకున్నాడు. "మధ్యమం దగ్గర గాలి పోతోంది అమ్మాయ్. ఆ ప్యాడు తీసి మళ్లీ వెయ్యి" అన్నాడు. నేను స్పిరిటు దీపం తీసుకురావడానికి లేచాను.